గౌరి మళ్ళీ నెమరు వేసింది

పిల్లలూ!

నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆవు పొట్టలో నాలుగు అరలుంటాయని నల్లబల్ల మీద బొమ్మ వేసి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఆ పాఠం నాకు సరిగా వచ్చింది ఉద్యోగం విరమించిన తరువాతనే. నేర్పింది మా ఆవు గౌరి.

మాది అమలాపురం దగ్గర, కాలవగట్టున ఉన్న చిన్న ఊరు. ఒక వర్షాకాలంలో గౌరి మేత తగ్గించింది. ఎడమ డొక్క ఉబ్బింది. నెమరు వెయ్యటం పూర్తిగా మానేసింది. డాక్టరమ్మ వచ్చి, డొక్క మీద పిడికిలి ఆనించి చాలాసేపు నిలబడింది.

"మాస్టారూ, ఆరోగ్యంగా ఉన్న ఆవుకు మొదటి పొట్ట నిమిషానికి ఒకటి రెండుసార్లు కదులుతుందండీ. దీనికి కదలిక లేదు. లోపల ఏదో అడ్డుపడింది. ఆపరేషను చెయ్యాలి," అన్నది.

పశువుల ఆసుపత్రిలో గౌరిని పడుకోబెట్టలేదు. నిలబెట్టే ఆపరేషను చేశారు! డొక్కకు తిమ్మిరెక్కే మందు ఇచ్చి, చర్మమూ, కండా, ఆ తరువాత మొదటి పొట్టా కోశారు. డాక్టరమ్మ పొడుగాటి తొడుగు వేసుకుని భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది. ప్లాస్టిక్ సంచులూ, నైలాను తాడు ముక్కలూ పేనుకుపోయి బయటికి వచ్చాయి. వాటితో ఒక మేకు కూడా వచ్చింది. అంతా గంపెడయింది.

అందులో ఒక పసుపుపచ్చ సంచికి రెండు ముళ్ళు వేసి, కొస లోపలికి దోపి ఉన్నది. అలా ముడి వెయ్యటం నా అలవాటు. రోజూ కూరల తొక్కలు సంచిలో పోసి, కాలవగట్టున పారేసేవాణ్ణి నేనే. నాకు నోట మాట రాలేదు.

ఆవు మనలాగా ముందే బాగా నమిలి మింగదు. నాలుకతో చుట్టి గబగబా మింగుతుంది. తరువాత తీరికగా నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. అదే నెమరు. తొక్కల వాసనకు గౌరి సంచితో సహా మింగింది. ప్లాస్టిక్కు అరగదు, ముందుకూ పోదు. మేకు వంటి బరువైనది తేనెపట్టు లాంటి రెండవ అరలో పడుతుంది. గుండె దానికి దగ్గరలోనే ఉన్నది. మేకు గుచ్చుకుని అక్కడిదాకా పోతే ఆవు దక్కదు.

"సగం పని మాది అయిందండీ. మిగతా సగం మీది," అన్నది డాక్టరమ్మ.

చిన్న లారీలో గడ్డి పరిచి, గౌరిని మెల్లగా ఇంటికి తెచ్చాం. సావిడిలో నేల తడిగా ఉంటే గోదావరి ఇసుక పోసి, పైన ఎండుగడ్డి వేశాం. ఈగలు వాలకుండా వేపాకు పొగ పెట్టాం. కుట్లు నాకకుండా కనిపెట్టుకుని ఉన్నాం. పొరుగింటి పిన్నిగారు, "పాపం, నోరులేని జీవం," అంటూ గిన్నెడు అన్నం తెచ్చారు. నేను వద్దన్నాను. అన్నం ఆ పొట్టలో త్వరగా పులిసి ఆమ్లమవుతుంది. గడ్డిని అరిగించేవి మొదటి పొట్టలో కోట్లకొద్దీ ఉండే, కంటికి కనబడని జీవులు. అవి మళ్ళీ పుంజుకునే దాకా గుప్పెడు గుప్పెడు పచ్చగడ్డే పెట్టాలి.

రెండు రోజులు గౌరి గడ్డి వాసన చూసి తల తిప్పుకున్నది.

"తాతయ్యా, గౌరి బతుకుతుందా?" అని మనవడు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. సంచి సంగతి మాత్రం దాచకుండా చెప్పాను. వాడు నన్నేమీ అనలేదు. వెళ్ళి గౌరి మెడ నిమిరాడు.

మూడవ రాత్రి టార్చిలైటు పట్టుకుని సావిడికి వెళ్ళాను. గౌరి గొంతులో ఒక ఉండ కిందినుంచి పైకి పాకింది. దవడ పక్కకు తిరిగింది. నెమరు! పరుగున పోయి మనవణ్ణి లేపాను. ఇద్దరం ఎడమ డొక్క మీద అరచేతులు ఆనించి నిలబడ్డాం. లోపల పొట్ట అలలాగా లేచి, తగ్గింది. పన్నెండవ రోజున కుట్లు తీశారు.

పిల్లలూ! మీ ఇంట్లో సాధువైన ఆవు ఉంటే, పెద్దల్ని పక్కన ఉంచుకుని, మీరూ అలా చెయ్యి ఆనించి చూడండి. 2022 జూలై 1 నుంచి మన దేశంలో, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించారు. కాని తొక్కల సంచికి ముడి వేసేది మన చేతులే. తొక్కలు ఆవుకు పెట్టదలిస్తే తొట్టిలో విప్పి పొయ్యండి. సంచి మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పని మనవడిది. నేను పక్కన నిలబడి చూస్తాను.