మటన్ చేప

‘‘తాతయ్యా, రేపు మటన్ పట్టడానికి వెళ్తున్నాం!’’

మనవరాలి మాటకు పకపకా నవ్వేశాను. మనకు మటన్ అంటే ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు నిలబడి తెచ్చుకునేది. గాలానికి పడే మటన్ గురించి వినడం అదే మొదటిసారి.

2019 జూన్‌లో ఫ్లోరిడాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పటి సంగతిది. కీ వెస్ట్ దీవి నుంచి సుమారు పది కిలోమీటర్లు పడవలో వెళితే పగడపు దిబ్బ వస్తుంది. అక్కడ దొరికే మటన్ స్నాపర్ రుచికి పెట్టింది పేరట. పడవ కదిలే ముందే సరంగు హెచ్చరించాడు. మటన్ అయితే 18 అంగుళాలు ఉండాలి, లేదంటే నీళ్లలోకి వదిలేయాలి. దాని బంధువు లేన్ స్నాపర్‌కైతే 8 అంగుళాలు చాలు. చిక్కేమిటంటే పిల్ల మటనూ పెద్ద లేనూ అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ ఎర్రటి ఛాయే, రెండింటికీ ఒంటిమీద నల్లమచ్చే.

నేను భీమిలిలో పుట్టి పెరిగినవాణ్ని. చేపను చూసి పేరు చెప్పడం వెన్నతో పెట్టిన విద్య అనుకునేవాణ్ని. ఆ సముద్రంలో నా విద్య ఎందుకూ కొరగాలేదు.

రొయ్యముక్క ఎర వేసి కూర్చున్నాం. గంట తర్వాత పిల్ల చేతిలోని గాలపుకర్ర విల్లులా వంగింది. ఇద్దరం కలిసి లాగితే గులాబీరంగులో మెరుస్తూ చేప పైకొచ్చింది. కొలిస్తే 14 అంగుళాలు. తొమ్మిదేళ్ల పిల్లకు మొదటి చేప!

‘‘లేనే కదా మావయ్యగారూ’’ అన్నాడు అల్లుడు ఐసుపెట్టె మూత తీస్తూ. సరంగు అవతలివైపు ఎవరిదో తాడు చిక్కు విప్పుతున్నాడు. నేను ఊ అంటే అయిపోయేది.

కానీ సరంగు చెప్పిన గుర్తులు మనసులో మెదిలాయి. రంగును నమ్మకూడదు, బెదిరితే మారిపోతుంది. పొట్టకింద, తోకకు ముందుండే రెక్కను చూడాలి. అది లేన్‌కి గుండ్రంగా, మటన్‌కి కోసుగా ఉంటుంది. పైగా మటన్‌కి కంటికింద నీలిగీత ఉంటుంది. తడిచేత్తో తిప్పి చూశాను. రెక్క కోసుగా ఉంది. నీలిగీతా ఉంది.

‘‘ఇది మటనే తల్లీ. ఇంకా పిల్ల.’’

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘ఎవరూ చూడలేదుగా తాతయ్యా?’’

‘‘మనం చూశాంగా.’’

కాసేపు ఆలోచించి, తనే వంగి చేపను నీళ్లలోకి జారవిడిచింది.

తిరుగుప్రయాణంలో సరంగు చెప్పాడు. పడమటివైపు డ్రై టోర్టుగాస్ దగ్గర రైలీస్ హంప్ అనే చోట ఈ చేపలు వేసవి పున్నమిరోజుల్లో గుడ్లు పెట్టడానికి గుంపుగా చేరతాయట. ఒకప్పుడు పడవలవాళ్లు అక్కడే మాటువేసి ఊడ్చేయడంతో ఆ గుంపులు కరిగిపోయాయట. 2001లో అక్కడ వేట ఆపేశాక మళ్లీ కనిపించాయట.

వింటుంటే చిన్నప్పుడు భీమిలి బండల మీద పట్టి, గొప్పగా అమ్మ చేతికిచ్చిన వేలెడేసి చేపపిల్లలు గుర్తొచ్చాయి. వాటి వయసెంతో నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి పులుసులోకి అల్లుడు పట్టిన రెండు లేన్‌లే దిక్కయ్యాయి. భోజనాలయ్యాక పిల్ల తను వదిలేసిన చేప బొమ్మ వేసి తెచ్చింది. పొట్టకింద రెక్క కోసుగానే ఉంది. కంటికింద నీలిగీత కూడా మర్చిపోలేదు.