చప్పుడు చేయని హబ్బు

సైకిల్ హబ్బు మీద ఇంత పెద్ద పోస్టా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, పర్లేదు. బెంటన్‌విల్‌లో, పక్కన రోజర్స్‌లో, ఫేయెట్‌విల్‌లో కాంట్రాక్టు పని చేసుకుంటున్న మనోళ్ళు ఈ మధ్య చాలామంది సైకిళ్ళు కొంటున్నారు. కొన్న నెల తిరక్కముందే మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, వెనక చక్రం ఇంత గోల చేస్తుందేంటి, పాడైందా?" పాడవలేదు, దాని తీరే అంత. ఆ గోల వద్దనుకుంటే ఏం చూసి కొనాలో, మేం చూసి, విని, విప్పి తెలుసుకున్నదంతా రాస్తున్నాం.

ముందు మా సంగతి. మేం ముగ్గురం. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటు, మూడు కాంట్రాక్టులు, ఒకే సైకిలు. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. స్టీలు ఫ్రేము, గేర్లు లేవు. ముందు 32 పళ్ళు, వెనక 20 పళ్ళు, అంతే. ఇక్కడ వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్నట్టే అడవిలో సైకిల్ బాటలు కూడా ఉన్నాయి. స్లాటర్ పెన్ బాటలు 2007 నుంచి ఉన్నాయి, తర్వాత కోలర్ వచ్చింది. వాల్టన్ కుటుంబం వీటి మీద బాగా డబ్బు పెట్టింది. ఇప్పుడు ఊరే తనను తాను మౌంటెన్ బైకింగ్‌కి ప్రపంచ రాజధాని అని చెప్పుకుంటోంది. ఓజార్క్ గుట్టల్లో నేలంతా పదునైన చెకుముకి రాళ్ళు. ఆ రాళ్ళకి తగిలి విరగడానికి గేర్ల సామాను లేకపోవడమే మాలాంటి వాళ్ళకి లాభం.

హబ్బు ఎందుకు అరుస్తుందో చెప్తాం. చిన్నప్పుడు గంటకింత అని అద్దె సైకిలు తొక్కినవాళ్ళకి ఇది తెలుసు. పెడల్ ఆపి బండిని వదిలేస్తే ఫ్రీవీల్లోంచి టిక్కుటిక్కుమని వచ్చేది చూడండి, అదే ఇది. లోపల నాలుకల్లాంటి చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి, వాటిని పాల్స్ అంటారు. వాటి వెనక స్ప్రింగులు. చుట్టూ పళ్ళున్న రింగు. తొక్కితే నాలుక పంటిలో ఇరుక్కుని చక్రాన్ని తిప్పుతుంది. తొక్కడం ఆపితే ఒక్కో పంటి మీంచి జారుతూ కొట్టుకుంటుంది. పళ్ళు ఎక్కువైతే, స్ప్రింగు గట్టిదైతే, హబ్బు లోపల బోలుగా ఉంటే గోల ఎక్కువ. గ్రీజు దండిగా ఉంటే తక్కువ.

మరి పళ్ళు తక్కువ పెడితే సరిపోదా అంటే, అక్కడే మెలిక. 360ని పళ్ళ సంఖ్యతో భాగించండి. 18 అయితే వెనక పళ్ళ చక్రం 20 డిగ్రీల దాకా ఖాళీగా తిరిగాక గానీ పట్టకపోవచ్చు. 36 అయితే 10 డిగ్రీలు. పోర్ట్‌లాండ్‌లో తయారయ్యే క్రిస్ కింగ్ హబ్బుకి 72, అంటే 5 డిగ్రీలు. ఆషెవిల్‌ వాళ్ళ ఇండస్ట్రీ నైన్ హైడ్రా అయితే ఏకంగా 690 చోట్ల పడుతుంది, అర డిగ్రీ చాలు. గేర్లు లేని బండి మీద ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి ఒంటి బరువంతా వేసి తొక్కుతాం. రాళ్ళ మధ్య పూర్తి చుట్టు తిప్పే చోటుండదు, అర చుట్టు వెనక్కి, అర చుట్టు ముందుకి. అప్పుడు ఆ 20 డిగ్రీల ఖాళీ మోకాలికి తెలుస్తుంది. కాబట్టి త్వరగా పట్టాలి, కానీ అరవకూడదు. ఈ రెండూ కలిపి కావాలంటే ఖర్చు.

ఆ ఖర్చు పెట్టేవాళ్ళకి మిన్నెసోటాలో తయారయ్యే ఆనిక్స్ హబ్బు ఉంది. అందులో నాలుకలే లేవు. స్ప్రాగ్ క్లచ్ అంటారు, చిన్న చిన్న ఇనుప ముక్కలు ఒకవైపు తిప్పితే బిగుసుకుంటాయి, రెండోవైపు జారిపోతాయి. పెడల్ ఆపితే గాలి చప్పుడు, టైరు చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. తొక్కగానే పట్టేస్తుంది. కాస్త బరువెక్కువ, గట్టిగా తొక్కితే పట్టు కొంచెం మెత్తగా అనిపిస్తుంది. ధర చూస్తే ఆ నెల ఇంటికి పంపే డబ్బు గుర్తొస్తుంది. పెద్ద కంపెనీలకీ ఈ ఆలోచన రాకపోలేదు. షిమానో 2018లో ఎక్స్‌టీఆర్‌తో పాటు సైలెన్స్ అనే చప్పుడు లేని హబ్బు ప్రకటించింది, తర్వాత వెనక్కి తీసుకుని మామూలు హబ్బులే అమ్మింది. ఇక మౌంటెన్ బైక్ మొదలైందే చప్పుడు లేని హబ్బుతో అంటే నమ్ముతారా? కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1976 అక్టోబరు 21న గుట్ట మీంచి మొదటి పందెం పెట్టుకున్నారు. వాళ్ళ పాత సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. దిగేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగ వచ్చేది, మళ్ళీ నింపుకోవాలి. అందుకే ఆ బాటకి రీప్యాక్ అని పేరు.

చప్పుడు లేకపోవడం మాకెందుకంత ముఖ్యమో ఇప్పుడు చెప్పాలి. మాలో ఇద్దరం ప్రొడక్షన్ సపోర్టు. అర్ధరాత్రి రెండింటికి అలర్టు మోగితే లేవాలి. ఫోనుది ఒక మోత, లాప్‌టాప్‌ది ఒక మోత, ఇండియా కాల్‌ది ఒక మోత. పొద్దున్నే అడవిలో దొరికే ఆ ఒక్క గంటలో కూడా వెనక నుంచి ఏదో కరకరలాడుతుంటే ప్రాణం విసుగెత్తేది. పైగా అదే సమయానికి మూడోవాడి కాంట్రాక్టు పోయింది. మేం అన్నా అని పిలుస్తాం, మాలో పెద్దోడు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, 2017 నుంచి ఉన్న నిబంధన. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. అన్న రోజూ తెల్లారకముందే సైకిలు తీసేవాడు. ఇంట్లో కూర్చుంటే రోజులు లెక్క పెట్టుకోవడమే అనేవాడు. పాత హబ్బు బేరింగులు అప్పుడే పూర్తిగా పోయాయి.

కొనాలా వద్దా అని మేం నసిగాం. జీతం రాని మనిషి ముందు సైకిలు ఖర్చు మాట్లాడటం ఎలా? అన్నే అన్నాడు, "నా కోసం ఆపకండి, కానీ తెలివిగా కొనండి." ఆయన వాళ్ళ నాన్నది జగిత్యాల దగ్గర సైకిల్ షాపు. పుల్లలు కట్టడం, బెండు తీయడం ఆయనకి చేతిలో ఉన్న విద్య. ఆయన చూపించినదే మేం కొన్నాం: షిమానో డియోర్ మామూలు హబ్బు. అయిదు కారణాలు చెప్పాడు.

ఒకటి, చప్పుడు చాలా తక్కువ. పూర్తి నిశ్శబ్దం కాదు, కానీ పక్కన మనిషితో మాట్లాడుకోవచ్చు. రెండు, ధర మనకి అందుతుంది. మూడు, పళ్ళ చక్రం ఎక్కే భాగం స్టీలు. ఖరీదైన వాటిలో అది అల్యూమినియం, బరువు తగ్గుతుంది గానీ సన్నటి పళ్ళ చక్రం బిగిస్తే మన తొక్కుడికి అందులోకి దిగబడిపోతుంది. అల్యూమినియమే ఉంటే అడుగు వెడల్పుగా ఉన్న పళ్ళ చక్రం కొనండి. నాలుగు, లోపల కోన్లు, విడి గోళీలు, మన ఊరి సైకిల్లో ఉన్నట్టే. కోన్ల పానాలు, గ్రీజు డబ్బా ఉంటే మనమే చేసుకోవచ్చు. అయిదు, నాలుకల భాగం అరిగిపోతే ఇరుసు తీసి, పది మిల్లీమీటర్ల ఆలెన్ కీతో ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు. పట్టడం కాస్త ఆలస్యం, నిజమే. పెడల్ ముందే పైకి తెచ్చి పెట్టుకుంటే అలవాటవుతుంది.

కొనే ముందు వెనక ఫ్రేము వెడల్పు కొలవండి. పాతవాటికి 135, తర్వాతవాటికి 142, ఇప్పటివాటికి 148 మిల్లీమీటర్లు. రిమ్ముకి ఎన్ని బెజ్జాలో హబ్బుకీ అన్నే ఉండాలి. డిస్కు ఆరు బోల్టులదా, సెంటర్‌లాకా చూడండి. ఇంకో మాట: చప్పుడు తగ్గుతుందని నాలుకల మీద చిక్కటి గ్రీజు కూరకండి. జనవరి చలికి అది గట్టిపడి నాలుక లేవదు. నిలబడి తొక్కుతున్నప్పుడు పెడల్ ఖాళీగా జారితే ఛాతీ వెళ్ళి హ్యాండిల్‌కి తగులుతుంది.

గంట మాత్రం తప్పకుండా పెట్టుకోండి. గోల చేసే హబ్బు ఎదుటివాళ్ళకి హెచ్చరిక కూడా, అది తీసేశాక ఆ పని మనం చేయాలి. మసక చీకట్లో, తలకి హుడీతో, వెనక నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చే మనిషిని చూసి ఒంటరిగా నడుస్తున్న ఆవిడ ఉలిక్కిపడితే ఆవిడ తప్పేం లేదు. మన రంగు చూసి ఉలిక్కిపడేవాళ్ళూ ఉంటారు, అదీ తెలిసిందే. దూరం నుంచే గంట కొట్టి, నెమ్మదించి, గుడ్ మార్నింగ్ చెప్పి పక్కకి తప్పుకుంటాం. నడిచేవాళ్ళకి దారివ్వడం ఇక్కడి బాటల పద్ధతి కూడా.

అన్న ఆ చక్రం మా వంటింటి బల్ల మీద రెండు సాయంత్రాలు కూర్చుని కట్టాడు. యాభై నాలుగో రోజు టికెట్ తీసుకున్నాడు. పిటిషన్ వేస్తామన్న చోటు ఆఖరి వారంలో చేతులెత్తేసింది. సైకిలు మాకే వదిలాడు.

మొన్న చలికాలం అయ్యాక హబ్బు విప్పి గోళీలు కడిగి బిగించాం. వీడియో కాల్‌లో చక్రం తిప్పి ఫోను దగ్గరగా పెట్టాం. టిక్కుటిక్కు గోల లేదు కాబట్టి లోపలి సన్నటి గరగర ఆయనకి జగిత్యాల్లో వినిపించింది. "ఎడమ కోను బిగువెక్కువైంది, కొంచెం వదులు చెయ్" అన్నాడు. చేశాం. గరగర పోయింది. హబ్బు అరవకపోతే ఇదో లాభం: ఎండిన చైను, వదులైన పుల్ల, అరిగిన గోళీ, అన్నీ చెవికి ముందే తెలుస్తాయి.

చక్రం ఇప్పటికీ వెంట్రుకవాసి బెండు రాలేదు. ఎవరికైనా హబ్బు చప్పుడు ఎలా ఉంటుందో వినాలనుంటే శనివారం పొద్దున ఆరింటికి కోలర్‌కి రండి. తొక్కి చూడండి, తర్వాత కొనండి.