ఈకలు కట్టుకోం అన్నాం



సత్యవేడు పక్కన ఒక కంపెనీలో పనిచేసే మేం అయిదుగురం మొదటిసారి అక్కడ ఆగస్టు 9 జరిపినాం. ఆఫీసోళ్ళు సరే అన్నారు గానీ, "ఈకలు కట్టుకొని డ్యాన్స్ చేయండి" అన్నారు. మన చిత్తూరు పక్క ఎరుకల, యానాది, సుగాలీలం. ఈకలు ఎవరు కట్టినారు? కుదరదన్నాం.

షిఫ్టు మారేటప్పుడు క్యాంటీన్‌లో అరగంట అడిగినాం. బస్సులు కదిలేలోపు ముగించాలి. మాలో ఒకరి అవ్వ వచ్చి ఈతబుట్ట అల్లి చూపించింది. నేరస్థ జాతుల చట్టం రద్దయ్యేదాకా ఎరుకలోళ్ళు పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాల్సి వచ్చేదని చెప్పినాం. కాసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరూ రేపు ఉద్యోగాల్లోకి పోతారు. మైకు, టీ, బ్యానర్ తర్వాత. మన గురించి ఏం చెప్పాలో ముందు మనమే తేల్చుకోవాల.