పుంగనూరు పద్దులో నీళ్లెన్ని?

పొట్టి ఆవుకు పెట్టింది పేరు. చింతపండు వ్యాపారానికి పేరు. పొరుగునే ఉన్న మదనపల్లెతో కలిస్తే టమాటాకూ పేరే. నీళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం పుంగనూరుది ఎప్పుడూ కొరత కథే! సెల్‌ఫోన్లూ టీవీలూ తయారుచేసే కంపెనీలు ఏటా ‘పర్యావరణ పద్దు’ రాసుకుంటున్నాయి. ఎంత నీరు తోడారు, ఎంత కరెంటు కాల్చారు, ఎంత చెత్త మిగిల్చారు... అన్నీ అందులో ఉంటాయి. అలాంటి పద్దు ఒకటి పుంగనూరుకూ రాస్తే ఏం తేలుతుంది?

తిరుపతి నుంచి పడమర దారి పట్టి ఘాట్ రోడ్డెక్కితే గాలి మారిపోతుంది. ఉక్కపోత తగ్గుతుంది. సముద్రమట్టానికి దాదాపు ఏడొందల మీటర్ల ఎత్తున్న పీఠభూమి ఇది. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లు ‘పడమటి మండలాలు’ అని పిలుచుకునే ప్రాంతం. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు కూతవేటు దూరమే కావడంతో సంతలో మూడు భాషలూ వినిపిస్తాయి. పుంగనూరు జమీందార్ల కోట, అక్కడ ఏటా జరిగే సుగుటూరు గంగమ్మ జాతర, పట్టణంలోని పుంగమ్మ చెరువు... పాతకాలపు ఆనవాళ్లకు కొదవలేదు. రవీంద్రుడు 1919లో బస చేసి జనగణమనను ఆంగ్లంలోకి అనువదించిన మదనపల్లె ఇక్కడికి దగ్గరే. హార్సిలీ కొండలూ ఆ దారిలోనే.

చల్లదనం ఉందిగానీ జీవనది లేదు. పెద్ద నదులేవీ ఈ మెట్టమీదికి ఎక్కి రావు. వాన పడితే చెరువు, లేకపోతే బావి, అదీ ఎండితే బోరు. తాతలు గొలుసుకట్టు చెరువులు తవ్వుకున్నారు. ఒకటి నిండి అలుగు పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరేది. తండ్రుల కాలానికి మోటబావులు పోయి మోటార్లొచ్చాయి. కొడుకులు వందల అడుగుల లోతుకు బోర్లు వేస్తున్నారు. భూమిలోంచి ఎంత తీశామన్నది మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు.

ఆవు చెప్పిన లెక్క

పద్దులో ఏది రాస్తే అదే నిలుస్తుంది. రాయనిది మెల్లగా కనుమరుగవుతుంది. అందుకు పుంగనూరు ఆవే సాక్ష్యం. ఎత్తు మూడడుగులు దాటదు. బరువు మహా అయితే రెండొందల కిలోలు. రోజుకు అయిదు కిలోల మేత వేస్తే సరిపెట్టుకుంటుంది. ఇచ్చే పాలు మూడు లీటర్ల నుంచి అయిదు లీటర్లు. లీటర్ల లెక్క ఒక్కటే చూస్తే సంకరజాతి ఆవు ముందు ఇది తేలిపోతుంది. ఆ లెక్కే చూశారు. జెర్సీ, హోల్‌స్టీన్ ఆబోతులతో దాటించి పాల దిగుబడి పెంచుకున్నారు. పుంగనూరు జాతి అంతరించిపోయే దశకు చేరింది.

అదే పద్దులో ఇంకో రెండు గడులు గీసి చూడండి. సాధారణ ఆవుపాలలో వెన్న మూడు, మూడున్నర శాతం ఉంటే పుంగనూరు ఆవు పాలలో ఎనిమిది శాతం దాకా ఉంటుంది. అంటే ఇది మూడు లీటర్లిచ్చినా 240 గ్రాముల వెన్న. పెద్ద ఆవు ఏడు లీటర్లిస్తే మూడున్నర శాతం లెక్కన 245 గ్రాములు. వెన్న గడిలో ఇద్దరిదీ ఒకటే మార్కు! ఇక మేత గడి, ఆ మేత పెంచడానికయ్యే నీటి గడి కూడా చేరిస్తే పొట్టిదే పైచేయి. కరవు సీమకు తగ్గట్టు తయారైన జంతువు మరి.

పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు బయటికొచ్చాక దేశమంతా వీటి గురించి ఆరా తీసింది. పోయిందనుకున్న ఆస్తి మళ్లీ పద్దులోకి ఎక్కింది!

కంపెనీ పద్దు ఇలా...

పరిశ్రమల్లో ఈ తరహా లెక్కలకు బాట వేసినవాళ్లలో జపాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ముందుంటాయి. 1990ల చివర్లోనే ఫుజిట్సు వంటి సంస్థలు పర్యావరణ పద్దులు రాయడం మొదలుపెట్టాయి. 2000లో ఆ దేశ ప్రభుత్వం అందుకు మార్గదర్శకాలే ఇచ్చింది. సూత్రం చిన్నదే. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన ఖర్చు ఒకవైపు. దానివల్ల తగ్గిన నీటి వాడకం, పొగ, వ్యర్థాలు మరోవైపు. కరెంటు ఆదాతో, పాత సామాన్ల అమ్మకంతో వచ్చిన డబ్బు ఇంకోవైపు. మూడూ పక్కపక్కన పెడితే వృథా ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది.

మన దేశంలో సెబీ 2021లో ఇలాంటి నివేదికకు రూపమిచ్చింది. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు అది తప్పనిసరి. చెరువూ నదుల నీరెంత, భూగర్భజలమెంత, బయట కొన్నదెంత... విడివిడిగా చూపాలి. రూపాయి టర్నోవరుకు ఎంత నీరు ఖర్చయిందో చెప్పాలి. ఈ-వ్యర్థాలు, బ్యాటరీ వ్యర్థాల లెక్కా రాయాలి. ఒక్క మెలిక మాత్రం ఉంది. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతంలోని ఫ్యాక్టరీ ఎంత తోడిందన్న ప్రత్యేక వివరం స్వచ్ఛంద గడుల్లోకి వెళ్లింది. ఏ నీరు ఎంత విలువైందో చెప్పే గడే ఐచ్ఛికమైందన్నమాట!

పుంగనూరు వాళ్లకు ఇదంతా దూరపు సంగతేం కాదు. ఘాట్ దిగితే రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి. ఇంకా ముందుకెళ్తే శ్రీసిటీ. షియోమీ భారత్‌లో తయారైన తన తొలి ఫోన్‌ను 2015 ఆగస్టులో విడుదల చేసింది. దాన్ని బిగించింది అక్కడి ఫాక్స్‌కాన్ యూనిట్లోనే. విడిభాగాలు తెచ్చి బిగించే పనికి నీరు పెద్దగా అక్కర్లేదు. అసలు భారమంతా గనుల్లో, చిప్ తయారీలో ఉంటుంది. కాబట్టి గేటు లోపలి లెక్క ఒక్కటే రాస్తే కథ సగమే తెలుస్తుంది. పొలం లెక్కకూ ఇదే వర్తిస్తుంది.

రైతులే ఆడిటర్లు

కంపెనీలకు సెబీ అడగకముందే ఉమ్మడి చిత్తూరు జిల్లా రైతులకు నీటి పద్దు పరిచయమైంది. ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు 2000ల్లో ఏడు కరవు జిల్లాల్లో నడిచింది. చిత్తూరు వాటిలో ఒకటి. నెదర్లాండ్స్ నిధులిచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేయూతనిచ్చింది. ఆరు వందలకు పైగా పల్లెల్లో రైతులే వానకొలమానం చూసి రాసుకున్నారు. పక్షానికోసారి బోరులో తాడు వదిలి నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీదికెక్కేవి.

రబీకి ముందు అందరూ కూర్చుని బడ్జెట్ వేసేవారు. భూమిలోకి ఇంకిందెంత? తాగడానికి, పశువులకు పోను మిగిలేదెంత? అనుకున్న పంటలన్నీ వేస్తే కావలసిందెంత? లోటు తేలితే ఏ పంట వేసుకోవాలో ఎవరికి వారే నిర్ణయించుకునేవారు. జరిమానాల్లేవు, బలవంతం లేదు. అంకె కళ్లెదుట ఉండటమే మందు.

లెక్క కష్టమైందేం కాదు. ఎకరం నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,000 లీటర్ల పైచిలుకు. వరికి పంటకాలమంతా కలిపి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు! వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలు. అంటే 20 లక్షల లీటర్లు. ఒక ఎకరం వరి నీటితో రెండెకరాల వేరుశనగ పండించి ఇంకా మిగుల్చుకోవచ్చు.

లారీలో వెళ్లే చెరువు

మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి టమాటా లారీలు నలుదిక్కులకూ వెళ్తుంటాయి. టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్లు నీరే. కిలో టమాటా పండించడానికి ప్రపంచ సగటున 214 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంచనా. ఆ సగటు ప్రకారం పది టన్నుల లారీ కదిలిందంటే దాని వెనక 21 లక్షల లీటర్లున్నట్టు. ధర బాగుంటే ఫర్వాలేదు. 2023 జులైలో కిలో రెండొందల రూపాయల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు ఆ నీటికి విలువ దక్కింది. ధర పడిపోయి కోత కూలి కూడా రాక కాయల్ని రోడ్డుపక్కన పారబోసే రోజులూ ఉంటాయి. అప్పుడు రైతు నష్టాన్ని అందరూ చూస్తారు. దాంతోపాటే పోయిన నీరు ఏ నష్టపరిహారం జాబితాలోనూ ఉండదు.

బోరు మోటారుదీ అదే తంతు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వస్తోంది. రైతుకు అది ఊపిరి. అయితే బిల్లు లేకపోవడంతో నీటిమట్టం దిగిపోతున్న సంగతి ఇంటిదాకా రాదు. మట్టం దిగేకొద్దీ అదే నీటికి ఎక్కువ కరెంటు కాలుతుంది. చివరికి బోరు ఎండి, కొత్తబోరుకు అప్పు చేసినప్పుడే అసలు బిల్లు చేతికందుతుంది.

కృష్ణమ్మ ఎక్కొచ్చిన మెట్లు

ఇన్నాళ్లకు కృష్ణమ్మ ఈ మెట్టెక్కింది. హంద్రీ-నీవా కాలువలకు లైనింగ్ పనులయ్యాక 2025 ఆగస్టు 30న కుప్పం నియోజకవర్గంలోని పరమసముద్రం దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి 738 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన నీరది. పుంగనూరు బ్రాంచి కాలువ ఆ దారిలోనిదే. తరాలుగా ఎదురుచూసినవాళ్లకు అది పండగే, సందేహం లేదు.

పద్దు మాత్రం ఇక్కడా తెరవాలి. శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు... అంటే 270 మీటర్లు. పుంగనూరు ఏడొందల దరిదాపులు. వెయ్యి లీటర్ల నీటిని నాలుగొందల మీటర్ల పైకి ఎత్తడానికి నష్టాలేవీ లేకపోయినా ఒక యూనిట్ పైనే కరెంటు కావాలి. ఆ నీటితో ఎకరం వేరుశనగ పండిస్తే 2,000 యూనిట్లు, వరి వేస్తే దాదాపు 5,000 యూనిట్లు! దూరం నుంచి వచ్చిన చుట్టానికి ఏం వండిపెట్టాలో ఆలోచిస్తాం కదా... ఈ నీటిని ఏ పంటకు పెట్టాలో అంతకన్నా ఎక్కువే ఆలోచించాలి.

పద్దు రాయకుండా ముందుకెళ్తే ఏమవుతుందో సోమల మండలం ఆవులపల్లి జలాశయం ఉదంతం చెబుతుంది. స్థానిక రైతుల ఫిర్యాదు మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ 2023లో దాని పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. జలవనరుల శాఖకు 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నీరు కావాలన్నవాళ్లూ, భూమి పోతుందన్నవాళ్లూ ఇద్దరూ రైతులే. అందుకే లెక్క ముందే, అందరి ఎదుటా జరగాలి.

పుంగనూరు చూడాలనుకుంటే వానలు వెనకబట్టాక బయల్దేరండి. కోట, జాతర వీధి, కొండల మధ్య చెరువుకట్టలు చూడొచ్చు. పలమనేరు వైపు వెళ్తే పొట్టి ఆవుల మందా కనిపిస్తుంది. కట్టమీద నిలబడినప్పుడు ఒక్కసారి అలుగువైపు చూడండి. చెరువు నిండితే అలుగు పారుతుంది, లేకపోతే రాయి పొడిగా ఉంటుంది. తాతలు అక్షరం రాయకుండా పెట్టిపోయిన పద్దు అదే. ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, కిందివాడికి ఎంత వదిలాం... మూడూ ఊరంతటికీ ఒక్కచూపులో తెలిసిపోయేవి. ఇప్పుడు నీరు భూమిలోపలికి వెళ్లిపోయింది కాబట్టి, ఆ అలుగురాయి చేసిన పని మనం కాగితం మీద చేయాలి!