బండి పడ్డాక చూడాల్సింది హ్యాండిల్ ఒక్కటే కాదు, మెడ కూడా



పోస్ట్ కొంచెం పొడుగుంది. బండి ఉన్నోళ్లు, సెకండ్ హ్యాండ్ బండి కొందామనుకునేటోళ్లు, ఊళ్లో ఎవరికైనా బాగలేకపోతే బండి మీదనే దవాఖానకు తీసుకుపోయేటోళ్లు చివరిదాకా చదవండి. మేం చెప్పేది ఒక్కటే. బండి ముందు భాగానికి దెబ్బ తగిలితే, కంటికి కనబడేది సరిచేసి ఊరుకోవద్దు. దెబ్బ ఎక్కడిదాకా పోయిందో వెతకాలి. వెతకడానికి కావాల్సింది ఒక దారం, ఒక టేపు, ఇంత సుద్దపొడి, ఇంత కిరోసిన్.

మేం నలుగురం పాతబస్తీలో ఒకే హాస్టల్ రూంలో ఉంటాం. ఇద్దరిది ఉట్నూర్ వైపు, ఒకరిది ఇల్లెందు వైపు, ఒకరిది దేవరకొండ తండా. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లం మేమే మొదలు. నలుగురం పైసలు వేసుకొని ఒక పాత 100 సీసీ బండి తీసుకున్నాం. సాయంత్రాలు ఇద్దరం డెలివరీ పని చేస్తాం. పరీక్ష ఫీజు, పుస్తకాలు, అప్పుడప్పుడు ఇంటికి పంపే నాలుగు పైసలు అన్నీ ఆ బండి మీదనే. సెలవులకు అదే బండి ఊరికి పోతుంది. ఈసారి దసరాకు తప్పకుండా పోవాలి, ఎందుకంటే మాలో ఒకరి అక్కకు నెలలు నిండుతున్నాయి. వాళ్ల గూడెం నుంచి తారు రోడ్డు నాలుగు కిలోమీటర్లు. 108 ఆ రోడ్డు దాకే వస్తది. ఆ నాలుగు కిలోమీటర్లు బండే.

ఆగస్టులో ఒక రాత్రి పెద్ద వాన. షాలిబండ దాటాక రోడ్డు మీద మోకాలి కింది దాకా నీళ్లు. నీళ్ల కింద గుంత కనబడలేదు. ముందు చక్రం నేరుగా అందులో దిగింది. మనిషికి మోచేయి గీరుకుపోయింది, అంతే, దేవుడి దయ. బండికి మాత్రం హ్యాండిల్ ఒక దిక్కు, చక్రం ఒక దిక్కు అయింది.

దగ్గర్లోని ఒక షాపులో చక్రాన్ని కాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్ గుంజి సీదా చేసి మూడు వందలు తీసుకున్నారు. చూడడానికి బండి బాగానే ఉంది. నడిపితే మాత్రం ఎడమకు గుంజుతున్నది. ఇంకో షాపులో కిందికి వంగి కూడా చూడకుండా "మొత్తం ముందు సెట్ పోయింది, చాసిస్‌కు వెల్డింగ్ పెట్టాలి, తొమ్మిది వేలు" అన్నారు. ఒకరు ఏమీ కాలేదంటారు, ఇంకొకరు అంతా పోయిందంటారు. ఇద్దరిలో ఎవరూ కొలత పెట్టి చూడలేదు.

పైసలు ఇచ్చేది మనం, నమ్మేది మాత్రం ఎదుటోళ్ల మాట. ఆఫీసుల్లోనైనా, దవాఖానల్లోనైనా మనవాళ్లకు ఇదే జరుగుతది. "చూపించు, ఎక్కడ పోయిందో చూపించి చెప్పు" అని అడగడం మన పెద్దోళ్లకు ఎవరూ నేర్పలేదు. అట్ల అడిగితే కోపం చేసుకోకుండా చూపించిన మనిషి ఫలక్‌నుమా వైపు ఒక గల్లీలో దొరికాడు. డెబ్బై ఏండ్లకు దగ్గర ఉంటాయి. అందరూ ఉస్తాద్ అంటారు, మేమూ ఉస్తాద్ అనే అన్నాం. మా ఉట్నూర్ దోస్తుకు ఉర్దూ బాగా వస్తది కాబట్టి మాట కలిసింది. ఉస్తాద్ మొదటి మాట, "రాడ్ కీ బాత్ బాద్ మే బేటా, పహలే గర్దన్ దేఖ్నా." రాడ్ సంగతి తర్వాత, ముందు మెడ చూడాలి అని.

మెడ అంటే ఏందో తెల్వనోళ్లకు చెప్తాం. ముందు చక్రాన్ని రెండు షాకప్ రాడ్లు పట్టుకుంటాయి. ఆ రెండు రాడ్లను పైన, కింద ఒక్కో ప్లేట్ కలిపి పట్టుకుంటుంది. మెకానిక్‌లు దాన్ని "టీ" అంటారు. టీకి ఉన్న గట్టి కడ్డీ చాసిస్ ముందున్న గొట్టంలో దూరుతుంది. అది తిరగడానికి పైనా కిందా బాల్స్, కప్పులు ఉంటాయి. అదే కోన్ సెట్. ఆ గొట్టమే మెడ. పెట్రోల్ ట్యాంకు కింది పైపు, ఇంజిన్ ముందు నుంచి దిగే పైపు రెండూ వచ్చి దానికే అతుక్కుంటాయి. గుంతలో పడ్డ దెబ్బ చక్రం నుంచి రాడ్‌కు, రాడ్ నుంచి టీకి, టీ నుంచి మెడకు ఎక్కుతుంది. రాడ్ వంగితే మార్చొచ్చు. మెడ చీలితే మాత్రం ఏదో ఒకరోజు నడుస్తుండగానే బండి ముందు భాగం ఊడొచ్చు.

ఉస్తాద్ చూసిన వరుస ఇది. రాసి పెట్టుకోండి.

ఒకటి, ఖర్చు లేనివి ముందు. రెండు టైర్లలో గాలి సరిగా ఉందా? వెనక చక్రం దగ్గర చైన్ బిగించే చోట రెండు పక్కలా గీతలుంటాయి. అవి సమానంగా లేకపోతే వెనక చక్రం వంకరగా ఉన్నట్టు. దాంతోనే బండి గుంజొచ్చు. మాకు ఆ గీతలు సమానంగానే ఉన్నాయి.

రెండు, చక్రం. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం లేపి తిప్పాలి. రిమ్ పక్కన పెన్సిల్ కదలకుండా పట్టుకుంటే, రిమ్ ఊగుతోందా లేదా తెలుస్తది. అలాయ్ చక్రమైతే పగులు కోసం చూడాలి.

మూడు, కోన్ సెట్. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరికి నెమ్మదిగా తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా పట్టి ఆగినట్టు అనిపిస్తే కప్పుల్లో బాల్స్ గుంతలు చేశాయన్నమాట. తర్వాత రాడ్లను కింద పట్టుకొని ముందుకు వెనక్కు ఊపాలి. టక్ టక్ అంటే కోన్ వదులైంది, లేకపోతే అరిగింది. మాది సరిగ్గా నడిమిట్ల ఆగింది.

నాలుగు, రాడ్లు. విప్పి, మందపాటి అద్దం పలక మీద దొర్లించాడు. కుడి రాడ్ సాఫీగా దొర్లింది. ఎడమది ఎగురుతూ దొర్లింది, దాని కింద వెలుతురు కనబడింది. కొద్దిగా వంగితే ప్రెస్ మీద సీదా చేసేటోళ్లు ఉన్నారు. కానీ పైనున్న క్రోమ్ పూత చీలితే ఆయిల్ సీల్ కోసుకుపోయి నూనె కారుతది. ముడత పడ్డ రాడ్‌ను మార్చడమే. పురానాపూల్ దాటితే జుమేరాత్ బజార్‌లో గురువారం పాత సామాను దొరుకుతది గదా అని అడిగాం. "తెచ్చుకో, కానీ అద్దం మీద దొర్లించకుండా పైసలివ్వకు" అన్నాడు.

ఐదు, టీ. రెండు మంచి రాడ్లు టీలో పెట్టి పక్క నుంచి చూస్తే రెండూ ఒకే గీతలా కనబడాలి. మాది బాగానే ఉంది.

ఆరు, మెడ. ఇక్కడే మాకు భయమైంది. మెడ కింద పైపు అతుకు దగ్గర పెయింట్ సన్నగా చిట్లి ఉంది. చిట్లింది పెయింటా, ఇనుమా? ట్యాంకు తీసి దూరం పెట్టించి, సాండ్‌పేపర్‌తో పెయింట్ గీకాడు. కిరోసిన్ పూసి కొంతసేపు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. పైన సుద్దపొడి చల్లాడు. ఇనుములో చీలిక ఉంటే లోపలికి పోయిన కిరోసిన్ మళ్లీ బయటికి ఊరి, సుద్ద మీద తడి గీత గీస్తుంది. నలుగురం ఊపిరి బిగబట్టి చూశాం. గీత రాలేదు. చుట్టుపక్కల బీడీ, సిగరెట్ లేకుండా చూసుకొని, గాలి తగిలే చోటనే ఈ పని చేయాలి.

ఏడు, దారం. కొత్త రాడ్లు బిగించాక, వెనక టైరును చుట్టి రెండు పక్కలా దారాన్ని ముందుకు సీదాగా లాగాడు. ముందు చక్రం సీదాగా ఉన్నప్పుడు, దారానికీ ముందు టైరుకూ మధ్య ఖాళీ రెండు పక్కలా ఒకేలా ఉండాలి. తర్వాత ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు టేపుతో ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కొలిచాడు. ఆ దూరాన్ని వీల్‌బేస్ అంటారు. ఎక్కువ 100 సీసీ బండ్లకు అది 1,230 నుంచి 1,260 మిల్లీమీటర్ల మధ్య ఉంటది. మీ బండిది దాని పుస్తకంలో చూసుకోండి. అంతకంటే తగ్గితే మెడ వెనక్కి పోయినట్టు. మా బండికి వీల్‌బేస్ సరిపోయింది గానీ దారం మాత్రం ఒక పక్క తేడా చూపించింది. వెనక నిలబడి చూస్తే రెండు చక్రాలు కొంచెం వేరువేరు వాలుగా ఉన్నాయి. మెడ చీలలేదు, కొద్దిగా మెలి పడింది.

గ్యాస్‌తో కాల్చి సుత్తితో కొడితే తొందరగా ఐపోతది గదా అన్నాం. ఉస్తాద్ ఒప్పుకోలేదు. ఎర్రగా కాలిన ఇనుము ముందున్నంత గట్టిగా ఉండదు, సన్నని పైపు అక్కడే మళ్లీ వంగుతుంది. చాసిస్‌ను ఫ్రేముకు బిగించి, జాకీతో కాల్చకుండా కొంచెం కొంచెం లాగే చోటికి పంపాడు. అక్కడ లాగినాక మళ్లీ దారం, మళ్లీ టేపు. మూడోసారికి రెండు పక్కలా సమానం వచ్చింది. రాడ్లు, కోన్ సెట్, సీళ్లు, నూనె, లాగిన కూలి అన్నీ కలిపి మూడు వేల ఏడు వందలు. మాది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. అది ఎదుటోళ్లకు జరిగిన నష్టానికే, మన బండి రిపేరుకు పైసా రాదు. అందుకే అంతా మా జేబుల నుంచే.

యూట్యూబ్‌లో వెతుకుతుంటే మంచు దేశాల స్నోమొబైల్ కనబడింది. దానికి ముందు చక్రం ఉండదు, రెండు స్కీలు ఉంటాయి. మంచు కింద దాగిన మొద్దుకు తగిలితే స్కీని పట్టుకునే ఆర్మ్ వంగుతుంది. ఆర్మ్ మార్చి ఊరుకుంటే బండి పక్కకు గుంజుతూనే ఉంటది, ఎందుకంటే కొన్నిసార్లు ఆర్మ్ బిగించే ఫ్రేము చోటే జరిగి ఉంటది. వాళ్లూ ఎడమ కొలత, కుడి కొలత పోల్చే చూస్తారు. వాళ్లకు మంచు కింద మొద్దు, మనకు నీళ్ల కింద గుంత. వెతికే పద్ధతి మాత్రం ఒకటే.

ఇక అసలు సంగతి. పని ఐపోయినాక ఉస్తాద్ ఒక మాట అన్నాడు. మెడకు వెల్డింగ్ పడ్డ బండిని పట్నంలో తెలిసినోడు కొనడు, రంగేసి దూరం ఊళ్లకు అమ్ముతారు అని. మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దూరం ఊళ్లు అంటే మనయే. మన దగ్గర బండికి ఒక్క మనిషి ఎక్కడు. ముగ్గురు ఎక్కుతారు, మధ్యలో జరంతో ఉన్న పిల్లనో, నిండు చూలాలో ఉంటది. దారి రాళ్లది, వాగుది. అసలే బలహీనమైన మెడ మీద అంత బరువు, అంత దెబ్బ.

అందుకే సెకండ్ హ్యాండ్ బండి చూడబోతే హ్యాండిల్ కవర్, సీటు, స్టిక్కర్లు కాదు, ట్యాంకు ముందు కింద టార్చ్ కొట్టి చూడండి. మెడ దగ్గర మాత్రమే కొత్త రంగు ఉంటే అడగండి. వెల్డింగ్ కుప్పలు, పెయింట్ చిట్లిన గీత, తుప్పు గీత ఉంటే వదిలేయండి. చాలా బండ్లకు చాసిస్ నంబర్ ఆ మెడ మీదనే కొట్టి ఉంటది. ఆర్సీలో ఉన్న నంబర్‌తో ఒక్కో అంకె పోల్చండి. గీకినట్టు ఉంటే బండి ఎంత చౌకైనా వద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీ వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చడం కుదరదు. ఎవరైనా "చాసిస్ మార్చేద్దాం" అంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి.

బండి రిపేరైన మరుసటి ఆదివారం హాస్టల్‌లో ఉన్న ఇంకో ఐదు బండ్లకు మేమే దారం పట్టి చూశాం. ఒకదానికి కోన్ వదులు, ఇంకోదానికి చైన్ గీతలు ఎక్కువ తక్కువ. రెండూ అదే రోజు సరైపోయాయి. ఎవరికీ పెద్ద ఖర్చు కాలేదు.

దసరాకు ఊళ్లకు పోయేటోళ్లు ఒక దారం కండె, ఒక టేపు సంచిలో వేసుకొని పోండి. గూడెంలో, తండాలో ఉన్న ప్రతి బండికి ఒక్కసారి దారం పట్టండి. మెకానిక్ కాకున్నా ఏం కాదు, కొలవడం వస్తే చాలు. బండి ఎవరిదైనా, దాని మీద పోయేది మన అక్కలు, మన అమ్మలు. మీ దగ్గర చూపించి చెప్పే మంచి ఉస్తాద్‌లు ఉంటే ఏ ఊళ్లో ఉన్నారో గ్రూపులో చెప్పండి, అందరికీ పనికొస్తది.