మొదటి పీఠాధిపతి మీద వ్యాసం: కామవరపుకోట డైరీ పుటలు

25 మార్చి 2022, శుక్రవారం
మంగళవార్త పండుగ. వీధి వీధంతా గౌరీపట్నం నిర్మలగిరికి వెళ్ళింది. మోకాళ్ళు సహకరించక నేను ఆగిపోయాను. చీకటిపడే వేళకు గుడి యువకులు ఇద్దరొచ్చారు. క్రిస్మస్ సంచికకు మన ఏలూరు మేత్రాసనం మొదటి పీఠాధిపతులు జాన్ ములగాడ గారి మీద వ్యాసం కావాలట.
"ఏ యేడు ఏం కట్టించారో రాస్తే చాలండి మాస్టారూ."
అలా రాస్తే అది కాంట్రాక్టరు బిల్లవుతుంది గాని, మనిషి గురించి రాసినట్టవదు. సరే చూద్దాం అన్నాను.

5 ఏప్రిల్, మంగళవారం
నిన్నటి నుంచి మాది ఏలూరు జిల్లా. నిర్మలగిరేమో తూర్పుగోదావరిలోకి పోయింది. కొల్లేటికి అవతల ఉన్న కైకలూరు మా జిల్లాలో కలిసింది. అంటే వాళ్ళకీ మాకూ కలెక్టరు ఒకరే, బిషప్పులు మాత్రం వేరు. వాళ్ళు విజయవాడ మేత్రాసనం, మేం ఏలూరు. గీతలు గీసేవాళ్ళు మారితే ఇలాగే ఉంటుంది.
మేత్రాసనాల మధ్య గీత గీసింది పోపు ఆరవ పౌలు గారు, 1976 డిసెంబరు 9న. అంతకుముందు మేమూ విజయవాడ కిందే. ఏలూరు మేత్రాసనమంటే పాత ఉభయగోదావరి జిల్లాలు రెండూ కలిపి, సుమారు 18,500 చదరపు కిలోమీటర్లు. ఐదేళ్ళకొకసారైనా పీఠాధిపతి తన మేత్రాసనమంతా తిరిగి చూడాలన్నది శ్రీసభ చట్టం. కొల్లేటి లంకలు, డెల్టా ఊళ్ళు, మా మెట్టలోని పొగాకు, జీడిమామిడి, పామాయిల్ చేలు, ఆపైన ఏజెన్సీ. ఇదంతా జీపు రోడ్లు కూడా సరిగా లేని రోజుల్లో. 2009 అక్టోబరులో కన్నుమూసేదాకా, ముప్పై రెండేళ్ళు ఈ మేత్రాసనాన్ని చూసుకున్నది ములగాడ గారొక్కరే.

14 ఏప్రిల్, పవిత్ర గురువారం
గుడికి ఈ ఏటి తైలాలు వచ్చాయి. మూడు సీసాలు. ఒకటి జ్ఞానస్నానానికి సిద్ధపడేవాళ్ళకు, ఒకటి రోగులకు, మూడోది పరిమళం కలిపిన క్రిస్మా. ఏటా పాస్కకు ముందు పీఠాధిపతి తన గురువులందరి సమక్షంలో వీటిని పవిత్రపరిచి ఊరూరికీ పంపుతారు. మా ఊళ్ళో పుట్టిన పసివాడు ఏలూరు బిషప్పుగారి ముఖం ఎన్నడూ చూడకపోవచ్చు. అయినా జ్ఞానస్నానంలో నడినెత్తి మీద పడేది ఆయన చేతిమీదుగా వచ్చిన నూనే. ఆలివ్ నూనే కావాలని పట్టు లేదు, మొక్కల నుంచి తీసిన మరే నూనె అయినా ఫరవాలేదని చట్టం ఇప్పుడు ఒప్పుకుంటోంది. ఆ లెక్కన మా పామాయిల్‌కూ అర్హత ఉంది, ఎవరూ అడగలేదంతే.
వ్యాసంలో ఈ సీసాల సంగతి తప్పక రాయాలి.

24 జులై, ఆదివారం
ఫాదర్ గారు వేరే ఊరి పూజకు వెళ్ళారు. ఉపదేశి గారే గంట కొట్టి, వాక్యం చదివి, ప్రార్థన నడిపించారు. చావుబతుకుల్లో ఉన్నవాడి మంచం పక్కన కూర్చునేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, స్కాలర్‌షిప్ కాగితాలు నింపిపెట్టేదీ ఆయనే. ఆయన జీతం గురించి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.
సిల్వియో పాస్క్వాలి గారు గుర్తొచ్చారు. పీమే సభకు చెందిన ఇటలీ గురువు, 1924లో ఏలూరులోనే పోయారు. ఆయన బిషప్ కాదు. కాని పునీత అన్నమ్మ పేరున ఉపదేశ కన్యల సభ స్థాపించింది ఆయనే. తెల్లదొర గుమ్మం బయటే నిలబడాల్సిన ఇళ్ళలోకి తెలుగు ఆడపిల్లలు నేరుగా వంటగది దాకా వెళ్ళగలరని గ్రహించారు. గుడులూ బడులూ కట్టించడం కంటే ఇది పెద్ద స్థాపన అని నా లెక్క. మేత్రాసనం స్థాపించడమన్నా అంతే. రోము నుంచి వచ్చేది ఒక కాగితం. ఆ తర్వాత ఎవరిని ఏ ఊరికి పంపాలో తేల్చుకోవాల్సింది పీఠాధిపతి.

10 ఆగస్టు, బుధవారం
దళిత క్రైస్తవుల నిరసన దినం. 1950లో ఇదే రోజున రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, హిందువులకే ఎస్సీ హోదా అని. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను. మనవాళ్ళు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. మా మండలంలోనే గుంటుపల్లి గుహలు ఉన్నాయి, రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధ చైత్యం. దాన్ని చూసొచ్చిన ప్రతిసారీ నాకు ఈ జాబితాయే గుర్తొస్తుంది.
అందుకే మా ఇళ్ళలో పిల్లాడికి రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో ఒకటి, బడి రిజిస్టర్లో ఇంకొకటి. పుస్తకంలో సగం పేర్లతో ఉన్న మందకు కాపరిగా ఉండడం ఎలాంటి పనో భవనాల జాబితా చూస్తే తెలియదు. సంచికవాళ్ళు ఈ పేరా తీసేస్తారేమో. తీసేస్తే మొత్తం వ్యాసమే వెనక్కి తీసుకుంటాను.

9 డిసెంబరు, శుక్రవారం
మేత్రాసనం పుట్టినరోజు. వ్యాసం ఇచ్చేశాను. ములగాడ గారు పోయాక 2013లో జయరావు పొలిమేర గారు నియమితులయ్యేదాకా పీఠం ఖాళీగా ఉన్న సంగతీ రాశాను. అన్నేళ్ళూ ఆదివారాలు ఆగలేదు, ఎందుకంటే ఊరూరా ఉపదేశులున్నారు. కుర్రాళ్ళు చదివి, "బిషప్ గారి కంటే ఉపదేశుల గురించే ఎక్కువుందండీ" అన్నారు. ఫొటో పెద్దది వేసుకోండి, సరిపోతుంది అన్నాను.