ఐదు లెక్కపెట్టేదాకా

కాణిపాకం స్థలపురాణం మా చిత్తూరు వైపు పిల్లలందరికీ తెలుసు. ముగ్గురన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు, ఒకరికి మాట రాదు. కాస్త పొలం, ఒక బావి. నీళ్లు ఎండిపోతే ఇంకొంచెం లోతు తవ్వుదామని దిగారు. పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది, ఆ క్షణంలోనే ముగ్గురికీ లేనివన్నీ వచ్చేశాయి. ఆ రాయే వినాయకుడు. ఇక్కణ్ణుంచి దిగువకు పోతే కంచిలో మూకకవి. పుట్టు మూగ అంటారు. అమ్మవారి దయ కలగ్గానే ఏకంగా ఐదువందల శ్లోకాలు చెప్పేశాడు. మా ప్రాంతం కథల్లో మాట వస్తే ఇట్లాగే వస్తుంది, తూము ఎత్తేసిన చెరువులాగ.

అందుకే మా అక్క కూతురు ఎల్‌కేజీలో చేరి ఏడు నెలలైనా స్కూల్లో ఒక్క మాట కూడా మాట్లాడలేదని తెలిసినప్పుడు మా అమ్మ ముందుగా చేసిన పని కాణిపాకానికి మొక్కుకోవడం. ఇందులో వింతేమిటంటే ఆ పిల్లకి మాట రాకపోవడం అనే సమస్యే లేదు. ఇంట్లో ‘దీనికి వస పోశారా ఏంది’ అనేంత వాగుడు. ‘మామా, కొండమీద దేవుడికి కూడా గుండు కొడతారా?’ లాంటి ప్రశ్నలు పొద్దున్నుంచి రాత్రిదాకా. స్కూల్ వ్యాన్ హారన్ వినపడగానే మొహం బిగుసుకుపోయేది. వ్యాన్లో మాట లేదు, క్లాసులో లేదు, ఆటల పీరియడ్లోనూ లేదు. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగలేక సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆపుకునేది. ఒకసారి ఆటస్థలంలో పడి మోకాలు చీరుకుపోతే ఏడుపు శబ్దం కూడా బయటికి రాలేదంట. రక్తం సాక్సులోకి దిగాక గాని ఎవరూ చూడలేదు.

దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. ఈ పేరు మీద నాకు పేచీ ఉంది. 1877లో కుస్‌మౌల్ అనే జర్మన్ డాక్టరు మొదట దీన్ని ‘ఇష్టపూర్వకంగా మాట మానేయడం’ అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో పిలిచాడు. 1934లో ట్రామర్ అనే స్విస్ డాక్టరు ‘ఎలెక్టివ్ మ్యూటిజం’ అన్నాడు. అప్పటికీ పిల్లే కావాలని మానేసిందన్న ధ్వని పోలేదు. 1994లో అమెరికన్ సైకియాట్రీ వాళ్ల డీఎస్‌ఎమ్ నాలుగో కూర్పు దాన్ని ‘సెలెక్టివ్’గా మార్చింది. అంటే కొన్ని చోట్ల మాత్రమే అని. 2013లో వచ్చిన ఐదో కూర్పు దీన్ని ఆందోళన రుగ్మతల కింద చేర్చింది. ఇది మొండితనం కాదు, భయం అని పుస్తకంలో ఎక్కడానికి నూట ముప్ఫయ్యారేళ్లు పట్టిందన్నమాట. తెలుగులో దీన్ని కొందరు ‘ఎంపిక మౌనం’ అని రాస్తున్నారు. నిఘంటువు ప్రకారం సరే కావచ్చు గానీ, కుస్‌మౌల్ చేసిన అన్యాయాన్నే మళ్లీ చేస్తోంది. ఆ పిల్ల దేన్నీ ఎంచుకోలేదు. ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ చూసినవాళ్లకి రాజ్ గుర్తుంటాడు, మొదటి ఆరు సీజన్లూ తాగితే తప్ప ఆడవాళ్లతో మాట్లాడలేనివాడు. ఈ సమస్య గురించి మా తరానికి తెలిసిందంతా ఆ జోకే. అసలు కేసులో నవ్వులుండవు, సాక్సులో రక్తం ఉంటుంది.

అమెరికాలో 2002లో అచ్చయిన ఒక అధ్యయనం చిన్న క్లాసుల పిల్లల్లో వెయ్యికి ఏడుగురిలో ఇది ఉందని తేల్చింది. పెద్ద స్కూలైతే ఒకరిద్దరు ఉండే అవకాశం బాగానే ఉంది. ఎందుకు కనపడరు? నలభైమంది ఉన్న క్లాసులో నోరెత్తని పిల్ల టీచరుకి వరం కాబట్టి. పైగా ఆడపిల్లయితే ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అనేది మన దగ్గర మెచ్చుకోలు. ఈ సమస్య ఎక్కువగా బయటపడేదీ ఆడపిల్లల్లోనే. రెండు భాషల మధ్య పెరిగే పిల్లల్లో కూడా ఎక్కువగా చూస్తారంటారు. అలాంటప్పుడు చిత్తూరు, నగరి, సత్యవేడు, కుప్పం గుర్తు రాకుండా ఎలా ఉంటాయి? ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. తెలుగిళ్లలో కూడా ‘యాడికి పోతాండావు’ అనే మాటని గేటు బయట వదిలేసి లోపలికి పోవాలి. తిరుపతిలోనే ఉండే నామిని పిలకాయల భాషని పుస్తకాల్లోకి తెచ్చాడు గానీ ప్రైవేటు స్కూళ్లలోకి అది ఇంకా రాలేదు. భాష వల్లే ఈ జబ్బు వస్తుందని అనడం లేదు. ముందే భయమున్న పిల్లకి తప్పు మాట్లాడతానేమో అన్న ఇంకో భయాన్ని మనం కలుపుతున్నాం అంటున్నా.

మేం వెళ్లిన ఒకచోట స్పీచ్ డిలే అన్నారు. ఇంకోచోట ఆటిజం ఉందేమో చూడమన్నారు. డాక్టరు గదిలో పాప బొమ్మలా కూర్చుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? చివరికి చెన్నైలో ఒక పిల్లల సైకాలజిస్టు మా అక్క ఫోన్లో ఉన్న వీడియో చూసి తేల్చారు. అందులో పాప ఇంట్లో మా బావకి పాఠం చెప్తూ బెత్తంతో బెదిరిస్తోంది. ఇలాంటి పిల్లలున్న ఇంట్లో అన్ని రిపోర్టులకన్నా ముందు తీసి పెట్టుకోవాల్సింది ఆ వీడియో.

ఆవిడ చెప్పిందాంట్లో నా తలకెక్కింది ఒక లూప్. ఎవరో పాపని పేరడుగుతారు. పాప బిగుసుకుపోతుంది. ఒక సెకను, రెండు సెకన్లు. ఆ నిశ్శబ్దం పెద్దవాళ్లకి భరించలేనిది. పక్కన ఉన్న అమ్మో అవ్వో పేరు చెప్పేస్తుంది. ‘కొంచెం సిగ్గండీ.’ అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పాపతో సహా. ఆ ఊపిరి పీల్చుకోవడంలోనే ఉంది చిక్కంతా. మాట్లాడకపోతే భయం తగ్గుతుందని పాప ఒంటికీ, తరఫున మాట్లాడితే ఇబ్బంది తగ్గుతుందని పెద్దల ఒంటికీ అలవాటైపోతుంది. రోజుకి ఇరవైసార్లు తిరిగే లూప్ ఇది. కోడ్‌లో అయితే దీన్ని ఎక్కడ తెంపాలో వెతుకుతాం. ఇక్కడ తెంపగలిగిన చోటు ఒక్కటే, ఆ రెండో సెకను తర్వాత. ఐదు లెక్కపెట్టేదాకా పెద్దవాళ్లు నోరు మూసుకోవాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మన పెళ్లిళ్లలో ఒక పిల్లని చూడండి. ‘పేరేంది? ఏ క్లాసు? నేనెవరో చెప్పు? అత్తా పిన్నా?’ మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేలోపు నాలుగోది అయిపోతుంది.

ప్రశ్న ఎలా అడగాలో కూడా నేర్చుకోవాలి. ‘పాలు కావాలా?’ అంటే తలూపి తప్పించుకోవచ్చు. ‘పాలా, రోజ్‌మిల్కా?’ అంటే తల ఊపడం పనికిరాదు. ఈ విషయంలో మన భాష బాగా కలిసొస్తుంది, పదం చివర ఒక దీర్ఘం పెడితే చాలు. అసలు మొదటి రోజుల్లో ప్రశ్నలే వద్దంటారు. పక్కన కూర్చుని పిల్ల ఏం చేస్తుందో పైకి చెప్తుండాలి: ‘ఎర్ర బ్లాకు మీద నీలం బ్లాకు పెట్టావు.’ ఒక మాట వచ్చిందంటే అదే మాట తిరిగి అనాలి. ‘అబ్బో, మాట్లాడిందే!’ అని చప్పట్లు కొట్టకూడదు. పదిమంది తనవైపు చూస్తారనేదే కదా పిల్ల భయం.

ఇదంతా వారానికో గంట క్లినిక్కులో చేయొచ్చు. కానీ పిల్లకి భయం క్లినిక్కు కాదు, క్లాసు. ఆ సైకాలజిస్టుతో గలగలా మాట్లాడి సోమవారం బళ్లో మళ్లీ రాయిలా కూర్చునే పిల్లలు చాలామంది. అందుకని న్యూయార్క్‌లో స్టీవెన్ కర్ట్జ్ అనే సైకాలజిస్టు ‘బ్రేవ్ బడ్డీస్’ పేరుతో వేరే దారి పట్టాడు. ఇదే సమస్య ఉన్న పిల్లల్ని కొందరిని ఒకచోట చేర్చి, వరసగా ఐదు రోజులు ఒక ఉత్తుత్తి బడి నడపడం. ఒక్కో పిల్లకి పక్కన ఒక తోడు. హాజరు, కథలు, ఆటలు, బొమ్మ తెచ్చి దాని గురించి చెప్పడం, చివర్లో బయటికెళ్లి ఐస్‌క్రీమ్ అడగడం. పిల్ల ఆ కొత్త మనిషితో మాట్లాడ్డం మొదలెట్టేదాకా ముందు అమ్మానాన్నలు గదిలో ఉంటారు, తర్వాత తలుపు దగ్గర, తర్వాత బయట. ఐదు రోజుల్లో దొరికే గంటలు వారానికొకటి చొప్పున అయితే కొన్ని నెలలు. ఫ్లోరిడాలో ఇలాంటి చికిత్స మీద చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 29 మంది. నాలుగు వారాల తర్వాత చూస్తే, వెంటనే చికిత్స అందినవాళ్లలో సగంమంది మెరుగయ్యారు. వెయిటింగ్ లిస్టులో ఉంచినవాళ్లలో ఒక్కరూ కాలేదు. చిన్న అధ్యయనమే. సగంమంది మెరుగు కాలేదన్నది కూడా అందులో ఉన్న నిజమే.

కుటుంబాన్ని చికిత్సలోకి లాగడం మనకి అమెరికా నుంచి రావాల్సిన పనేం లేదు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో వేలూరు సీఎంసీ ఉంది. 1957లో బాగాయంలో మొదలైన వాళ్ల మానసిక చికిత్సాలయంలో రోగితో పాటు ఇంటి మనిషి ఉండాలన్నది మొదటినుంచీ పద్ధతి. మా చెన్నై సైకాలజిస్టు కూడా అదే అన్నారు. ‘హాలు మీరు చూడండి, పిల్లల్ని నేను చూస్తాను.’

అలా పోయిన మే నెలలో బైరాగిపట్టెడలో మా అక్కావాళ్ల ఇంటి పై పోర్షన్ ఐదు పూటలు బడి అయింది. ఎండకి భయపడి ఎనిమిదింటికి మొదలెట్టి పన్నెండుకి ఆపేవాళ్లం. ముగ్గురు పిల్లలు, ముగ్గురిదీ ఒకటే కథ. తోడు ఉండటానికి ఇద్దరు ఎమ్మెస్సీ సైకాలజీ అమ్మాయిలు దొరికారు, మూడో మనిషి దొరకలేదు. నాకు రెండు సాయంత్రాలు శిక్షణ ఇచ్చి చిత్తూరు నుంచి వచ్చిన ఏడేళ్ల అబ్బాయికి తోడుగా పెట్టారు. సొంత మేనకోడలికి మామ పనికిరాడు, మాతో ఎలాగూ మాట్లాడుతుంది కదా. ఆ అబ్బాయి ఇంట్లో తమిళం. నాకు వచ్చిన అరవం సినిమా పాటల వరకే. ఇద్దరం సమానమే అనిపించింది.

ఐదు సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. మీటింగుల్లో ఎవరైనా రెండు సెకన్లు ఆగితే ‘యూ ఆర్ ఆన్ మ్యూట్’ అనే జాతి మాది. ఆ అబ్బాయి గొంతు దగ్గర నరం కదలడం చూస్తూ, మాటని నేనే లాగి ఇచ్చేయాలన్నంత ఆత్రం వచ్చేది. లెక్కపెట్టడం, ఆగడం. రాకపోతే ప్రశ్న మార్చి, మళ్లీ లెక్కపెట్టడం. మొదటిరోజు ఏమీ లేదు. రెండోరోజు మధ్యాహ్నం పాము పటం ఆడుతుంటే, మేం పెద్దవాళ్లం నీళ్లు తాగడానికి అటు తిరిగినప్పుడు, మా అక్క కూతురు ఆ అబ్బాయితో ‘నీది కాదు, నాది’ అంది. వాడు ‘ఇల్ల’ అన్నాడు. ఎవరమూ వెనక్కి తిరగలేదు. గ్రూపు ఎందుకో నాకు ఆ పూట అర్థమైంది. పక్కవాడు కూడా తనలాంటి వాడేనని పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాలుగోరోజు వీధి చివర కూల్‌డ్రింక్ షాపుకి తీసుకెళ్లాం. షాపతనికి ముందురోజే చెప్పి పెట్టాం. ఆయనకి ఇది పెద్ద పరీక్ష, నోరు ఊరుకునే మనిషి కాదు. ‘ఏం కావాలప్పా, రోజ్‌మిల్కా, బాదం పాలా?’ అని అడిగి, కౌంటరు మీద వేళ్లు ఒక్కొక్కటే మడుస్తూ నిలబడ్డాడు. వెనకాల బండివాళ్లు ఇద్దరు. ఐదు వేళ్లూ అయిపోయాయి. ఆయన ఇంకోసారి అదే ప్రశ్న అదే గొంతుతో అడిగాడు. రెండో చెయ్యి ఎత్తాడు. మూడో వేలు దగ్గర ‘రోజ్’ అని వినపడింది. ‘రోజ్‌మిల్క్’ అని, ఫ్రిజ్ తలుపు తీసి ఇచ్చాడు. అంతే, ఇంకేం అనలేదు. రోడ్డుకి అవతల వాళ్లమ్మ గోడవైపు తిరిగి నిలబడుంది.

మా పాప ఆరోజు చెప్పలేదు, రోజ్‌మిల్క్ రాలేదు. మా అక్కకి అది చాలా కష్టమైంది, ‘ఎండలో తెచ్చి పిల్లకి ఇప్పించకుండా తీసుకొస్తారా’ అని. ఐదోరోజు తోడున్న అమ్మాయి చెవిలో ‘బాదం’ అని గుసగుసగా అంది, షాపతనికి వినపడలేదు. దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు సైకాలజిస్టు. మా అమ్మకి మాత్రం సందేహం మిగిలిపోయింది. ‘గుసగుసంటే మాటొచ్చినట్టేనా? టెంకాయలు ఇప్పుడు కొట్టాలా, ఇంకా ఆగాలా?’

అసలు పని జూన్‌లో మొదలైంది. బడి తెరవడానికి వారం ముందు యూకేజీ టీచరు మూడు సాయంత్రాలు ఇంటికొచ్చి పాపతో బ్లాకులు ఆడారు. చిన్న జీతం, పెద్ద క్లాసు, అయినా వచ్చారు. మూడోరోజు ‘పసుపుదా, పచ్చదా?’ అని అడిగి ఆగితే ‘పసుపు’ అంది. తర్వాత ఖాళీ క్లాసురూములో ఇద్దరే. తర్వాత ఇంకో పిల్లని తెచ్చి ముగ్గురు. ఇప్పుడు క్లాసులో ఇద్దరు పిల్లలతో మామూలుగా, టీచరుతో చిన్న గొంతుతో మాట్లాడుతుంది. హాజరుకి ఇంకా ‘ప్రెజెంట్ మిస్’ అనలేదు. టీచరు ఒక పని చేశారు, క్లాసందరికీ పేర్ల అట్టముక్కలు చేసి, వచ్చినవాళ్లు తమది తెచ్చి బోర్డుకి తగిలించమన్నారు. బాత్రూమ్‌కి మాత్రం అడుగుతోంది. మా అక్కకి అన్నింటికన్నా అదే ముఖ్యం.

దసరా సెలవుల్లో ఇంకో ఐదు పూటలు పెడదాం అన్నారు సైకాలజిస్టు. ఈసారి ఐదుగురు పిల్లలున్నారు, ఒకరు సత్యవేడు నుంచి. పై పోర్షన్ చాలదు. ఆదివారం నుంచి నేనూ బావా హాలు వెతుకుతున్నాం. టీచరు తనూ వచ్చి కూర్చుంటానని అడిగారు. చిత్తూరు అబ్బాయి వస్తాడు, వాడికి మాత్రం ఈసారి తోడుగా నేను కాదు, వేరే కొత్త మనిషి కావాలంట.